స్పానరు పడడానికి పట్టే కాలం

రాత్రి పదకొండున్నర. మౌలాలి.
చంద్రుడి మీద సైదమ్మ చేతిలోంచి
స్పానరు జారింది.

జారింది, సరే. ఎంతసేపు?
నడుమెత్తు నుంచి ఇక్కడైతే అర సెకను లోపే.
అక్కడ సెకను, పైన ఓ రవ్వ.
కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టి చూశాను.
"పడింది" అనే మాట
నోట్లోంచి రావడం, అయిపోవడం
అంతా ఈ భూమ్మీది లెక్కే.
మిగిలిన ఆ కాస్త కాలాన్ని
ఏ క్రియ మోస్తుంది?
"దిగింది" అంటే మెట్లున్నట్టుంది.
"వాలింది" అంటే పిట్ట.
"రాలింది" అని రాసి, ఆకు కనిపించి, కొట్టేశాను.

ఇంకోటి, తలుపు.
లోపల గాలి, బయట ఏమీ లేదు,
రెంటికీ నడుమ ఇరుకు గది.
ఇంగ్లీషు వాళ్ళు గాలికి తాళం వేసి ఊరుకున్నారు.
నేను "వాయుబంధ కక్ష్య" అని రాస్తే
సైదమ్మ నా మొహం చూసి నవ్వింది.
దేవరకొండ వైపు మనిషి,
పదేళ్ళు కంకర మిషన్ల దగ్గర చేసి వచ్చింది.
"గాలిగడప అంటె అయిపాయె గదా."
అయిపోయింది.
కథ చెప్పే గొంతు మాత్రం
ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే ఉంది.
ఒక పేజీ ఆమె మాటలోకి మార్చాను.
తర్వాతి పేజీలో "గురుత్వాకర్షణ" వచ్చి
మళ్ళీ మెడ దాకా గుండీలు పెట్టుకుంది.

గడప చుట్టూ రబ్బరు పట్టీ ఉండాలి కదా,
శనివారం సగం సెలవు పెట్టి రాణిగంజ్ వెళ్ళాను.
కైజార్ భాయ్ దుకాణంలో గాస్కెట్లు
మాడిన గారెల్లా తీగకు వేలాడుతున్నాయి.
"ఏ మిషన్‌కమ్మా?"
"మిషన్ కాదు... చలి ఎక్కువ."
"కోల్డ్ స్టోరేజా? ఎంత?"
"మైనస్ నూట డెబ్బై."
కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.
ఎవరికి, ఎందుకు అని అడగలేదు.
"అంత చలిల రబ్బర్, రబ్బర్ లాగ ఉండదమ్మా. గాజు అయితది.
సీసం తీగ పెట్టు. మెత్తగ ఉంటది, నొక్కితే నిండుతది.
కానీ ఒక్కసారే. విప్పితే మళ్ళ కొత్తది."

ఒక్కసారే!
నా కథలో ఆ తలుపు ఆరుసార్లు తెరుచుకుంటుంది.
బస్సులో కిటికీ పక్కన కూచుని
ఇంటికొచ్చేలోగా ఐదు మూసేశాను.
ఒకటే మిగిలింది.
అప్పుడు బిగిసింది కథ.

స్పానరు మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.
గాల్లో అని ఎలా అంటాను, గాలే లేదుగా.
"ఠంగుమంది" కూడా తప్పు.
ధబ్బు, టప్పు, ఢమాలు, ఖణేలు,
మన మాటలన్నీ గాలి తాగి బతికేవే.
చప్పుడు చెయ్యకుండా వస్తువును కింద పడెయ్యడం
నా భాష నాకు నేర్పలేదు.

పన్నెండు దాటాక
పక్క వీధిలో బోరు బండి మొదలైంది.
ఎనిమిది వందల అడుగులు, అయినా పొడి పిండేనట.
చెవుల్లో దూది కుక్కుకున్నాను.
మంచం కోళ్ళలోంచి, పట్టెలోంచి
రాయి మాట్లాడుతూనే ఉంది,
చెవితో కాదు, నా దవడ ఎముకతో.
బల్ల మీద గ్లాసులో నీళ్ళు గుండ్రంగా వణికాయి.

లేచి లైటు వేశాను.

"స్పానరు తీరిగ్గా కిందికొచ్చింది.
చెవికి ఏమీ రాలేదు.
బూటు అడుగున సన్నగా మొదలై
మడమలోంచి మోకాలికి ఎక్కింది.
అప్పుడు తెలిసింది సైదమ్మకు,
పడ్డది అని."

పడ్డది. చివరికి ఆమె మాటే.
ఆ ఒత్తు దగ్గర నాలుక ఓ క్షణం ఆగుతుంది చూడండి,
నాక్కావలసిన కాలం
అక్కడే ఉంది ఇన్నాళ్ళూ.

తెల్లారేసరికి బండి వెళ్ళిపోయింది.
వీధంతా బూడిద రంగు పిండి,
స్కూటీ సీట్ల మీద, తులసి మీద, పాల ప్యాకెట్ల మీద.
ఎదురింటి రాంచందర్ గేటు దగ్గర్నుంచి అడిగాడు:
"నీళ్ళు పడ్డయా?"
ఎవరో చెయ్యి అడ్డంగా ఊపారు.

నేను వంగి
ఆ దుమ్ములో ఒక చెప్పు అచ్చును చూస్తున్నాను.
అంచులు అప్పుడే విరిగిపోతున్నాయి.
అక్కడ విరగవు.
రాసుకోవాలి.